పదకొండు సెకన్ల శాలువా

ముఖ్య అతిథికి శాలువా కప్పడానికి పదకొండు సెకన్లు పట్టింది. ఊహించి చెబుతున్నది కాదు, ఆ ముక్క నా కంప్యూటర్లో ఉంది. ఆ పదకొండు సెకన్లు మా నాన్నను ఏం చేశాయో మాత్రం ఏ కంప్యూటర్లోనూ లేదు. అందుకే రాస్తున్నాను. నా తెలుగు రాత పెళ్ళి వీడియోల మీద పేర్లు వేసీ వేసీ వచ్చినది, తప్పులుంటే ఉంటాయి. కోపం చల్లారాక రాద్దామని ఏడాది ఆగాను. చల్లారలేదు.

నేనూ మా ఆయన ఉమేష్ మిడిల్ పాయింట్‌లో పెళ్ళి వీడియోల కొట్టు నడుపుతాం. కాపురం గరాచర్మలో. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డున జాలరిపేటలో. నిరుడు జనవరిలో ఆటగాళ్ళకు జీతాలిచ్చే ఫుట్‌బాల్ లీగ్ మా దీవుల్లో మొదలుపెట్టారు. ఎనిమిది జట్లలో ఒకటి మా పేట వాళ్ళది, గంగమ్మ ఎలెవెన్. దానికి కోచ్ మా నాన్న అప్పలరాముడు. గోలు ముందు అడ్డం నిలబడి ఆడే డిఫెండర్ మా తమ్ముడు శివాజీ.

లీగ్ కార్యదర్శి గణేశ్వరరావు గారు స్వయంగా మా కొట్టుకు వచ్చాడు. మా తాతల కాలంలో ఒకే ఓడలో వచ్చిన కుటుంబాలే మావీ వాళ్ళవీ. ఆయన ఇప్పుడు కుర్చీలో ఉన్నాడు, మేం నిలబడి ఉన్నాం, అంతే తేడా.

“అమ్మాయ్, మెయిన్‌ల్యాండ్‌లో లాగ మనం కూడా రీప్లే పెడదాం. అక్కడి కంపెనీవాళ్ళని పిలిస్తే సామాను షిప్పెక్కి దిగేసరికి సీజన్ ఖతమ్. నీ మూడు కెమెరాలతో అవుద్దా?”

“అవుద్ది సర్,” అన్నాను.

పద్ధతి సులువైనదే. మ్యాచ్‌కి ఒక్కో కోచ్ చేతిలో రెండు పచ్చ కార్డులుంటాయి. గోలు విషయంలోనో పెనాల్టీ విషయంలోనో రిఫరీ పొరపడ్డాడనిపిస్తే కార్డు ఇచ్చి మళ్ళీ చూడమనొచ్చు. రిఫరీ మైదానం పక్కనున్న నా గుడారంలోకి వచ్చి తెర మీద చూసి తేలుస్తాడు. కోచ్ మాట నిజమైతే కార్డు వెనక్కిస్తారు. కాకపోతే కార్డు పోయినట్టే.

ఆ వారం పేటకు వెళ్ళి నాన్నకు ఎంత గొప్పగా చెప్పానో. “యంత్రానికి మీవాడు, మావాడు ఉండదు నాన్నా. ఇన్నాళ్ళూ మనోళ్ళకి జరిగిన అన్యాయాలు ఇంక జరగవు.”

“మంచిదేగదమ్మా,” అన్నాడు నాన్న. “తగువులు తగ్గుతాయి.”

నాన్న చదువుకోలేదు. పేటలో ఆయన పని చూడటం. తెల్లవారాక ఒడ్డున రాతిగుట్ట మీద నిలబడి సముద్రం వైపు చూస్తాడు. నీళ్ళ రంగు ఎక్కడ మారిందో, ఆ మారడం కవళ్ళ చేపల గుంపు వల్లనో మబ్బు నీడ వల్లనో ఆయనకు తెలుస్తుంది. తువ్వాలు పైకెత్తితేనే పడవ కదులుతుంది, పెద్దవల దిగుతుంది. ముప్పై మంది కూడు ఆ తువ్వాలు మీద ఆధారపడి ఉంటుంది. ఫుట్‌బాల్ కోచ్‌గా ఆయన్ని ఎన్నుకున్నదీ అందుకే. ఆట సూత్రాలు శివాజీకి బాగా తెలుసు గానీ, ఎవడు అలిసిపోయాడు, ఎవడు దొంగనడక నడుస్తున్నాడు అన్నది నాన్నకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

మొదటి రెండు నెలలూ బాగానే జరిగాయి. నాన్న నాలుగుసార్లు పచ్చ కార్డు ఇచ్చాడు. నాలుగుసార్లూ ఆయన చెప్పిందే నిజమని తెర మీద తేలింది. ఒకసారి అవతలి జట్టువాడు బంతిని మోచేత్తో ఆపితే, పక్కనున్న రిఫరీకి కనపడనిది అంత దూరం నుంచి నాన్నకు కనపడింది. జనం ఈలలు వేశారు. నాన్న కార్డు తిరిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుడారంలో కూర్చున్న నాకు గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

హార్బర్ స్టార్స్ అనే పెద్ద జట్టు పద్ధతి వేరు. వాళ్ళ కోచ్ పక్కన ఒకడు ట్యాబ్ పట్టుకుని కూర్చుంటాడు. నా కెమెరాల బొమ్మలు తిన్నగా ఆ ట్యాబ్‌లోకి వెళ్తాయి. వాడు చూసుకుని, ఖాయం చేసుకుని, అప్పుడు కోచ్‌కి సైగ చేస్తాడు. కోచ్ కార్డు తీస్తాడు. పరీక్షలో జవాబులు ముందే చూసి రాసినట్టు. మా వాళ్ళకు కూడా ఆ ట్యాబ్ ఇమ్మని అడిగితే “అది వాళ్ళ ప్యాకేజీలో ఉందమ్మా” అన్నాడు గణేశ్వరరావు గారు. నాకప్పుడే కోపం రావాలి. రాలేదు. నాన్నకు ట్యాబ్ అక్కర్లేదులే అనుకున్నాను.

మార్చి ఆఖరి ఆదివారం మా జట్టుకు హార్బర్ స్టార్స్‌తో చివరి మ్యాచ్. డ్రా అయినా చాలు, మా వాళ్ళు వచ్చే ఏడాది కూడా లీగ్‌లో ఉంటారు. ఓడితే బయటికి. ఎనభై నిమిషాలు దాటాక కూడా ఒకటి-ఒకటి మీద నడుస్తోంది.

కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పాలి, అసలు సంగతి అదే కాబట్టి. మొదటిది స్టాండ్ పైన. అతిథుల కోసం స్టాండ్ ముందు ఆ రోజు కొత్తగా షామియానా వేశారు. దాని అంచు అడ్డం వచ్చి, కోచ్‌లు కూర్చునే వైపు గీత మొత్తం ఆ కెమెరాకు కనపడకుండా పోయింది. పొద్దున్నే చెప్పాను. “ఎండ అమ్మాయ్, పెద్దోళ్ళు ఎండలో కూర్చుంటారేటి?” అన్నారు లీగ్ వాళ్ళు. మూడోది మైదానం అవతల ఉంది, దానికి ఆటగాళ్ళ కాళ్ళు అడ్డం. రెండోది ఉమేష్ చేతిలో, గోలు వెనక మూల మీద మంచె వేసి పెట్టాం. కోచ్‌ల వైపు గీత దానికి సూదిలో దారంలా తిన్నగా కనిపిస్తుంది. ఆ గీత సంగతి తేల్చగలిగేది అదొక్కటే.

ఎనభై నాలుగో నిమిషంలో గణేశ్వరరావు గారు నా గుడారం గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మొహం అంతా చెమట.

“సాబ్ వచ్చేసారు. శాలువా కప్పుతున్నాం. ఒక కెమెరా ఇటు తిప్పించు, జల్దీ,” అని స్టాండ్ వైపు పరిగెత్తాడు.

లీగ్‌కు డబ్బు పెట్టిన పెద్దమనిషి ఆట మొదలైన గంటన్నరకు వచ్చాడు. ఆట అయ్యేదాకా ఆగి కప్పొచ్చు కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మా పెళ్ళిళ్ళ పనిలో మొదటి పాఠం ఒకటుంది. తాళి కట్టేటప్పుడు ఒక కెమెరా తప్పకుండా పెద్దవాళ్ళ మీద ఉండాలి. ముడి సరిగ్గా పడకపోయినా ఎవరూ అడగరు. పెదమావయ్య అక్షింతలు వేస్తున్న బొమ్మ లేకపోతే మాత్రం కొట్టుకొచ్చి కేకలేస్తారు. పదేళ్ళు ఆ పని చేసిన చెయ్యి నాది. బంతి మైదానం మధ్యలో ఉంది. వాకీటాకీ ఎత్తి, “ఉమేష్, సాబ్ వైపు తిప్పు, శాలువా కప్పుతున్నారు,” అన్నాను. పదేళ్ళు అదే పని చేసిన ఉమేష్ తిప్పేశాడు.

బంతి నాన్న ముందు నుంచే గీత దాటింది. ఇది నాన్న మాట. లైన్స్‌మన్ ఆ సమయానికి అవతలి సగంలో ఉన్నాడు. రిఫరీ దూరంగా ఉన్నాడు. మా వాళ్ళు బంతి బయటికి పోయిందని ఆగిపోయారు. హార్బర్ వాడు ఆగలేదు, దాన్ని లోపలికి లాగి గోలు ముందుకు కొట్టాడు. గోలు.

నాన్న అప్పటికే పచ్చ కార్డు ఎత్తి నిలబడ్డాడు.

రిఫరీ గుడారంలోకి వచ్చాడు. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. మొదటి కెమెరా చూపించాను. షామియానా. మూడోది చూపించాను. కాళ్ళు. రెండోది పెట్టాను. తెర నిండా జరీ శాలువా, దాని వెనక నవ్వుతున్న మొహం.

“ఔర్ కోయీ యాంగిల్?” అన్నాడు రిఫరీ.

“నహీ సర్,” అన్నాను.

ఎందుకు లేదో ఆయన అడగలేదు. ఎందుకు లేదో నేనూ చెప్పలేదు. గణేశ్వరరావు గారు అప్పటికి తిరిగొచ్చి నా వెనకే నిలబడి ఉన్నాడు. రిఫరీ బయటికి వెళ్ళి, ఆధారం లేదు కాబట్టి మొదటి నిర్ణయమే ఖాయం అని సైగ చేశాడు. పాపం ఆయన అన్నది అంతే. మైకులో గణేశ్వరరావు గారు అన్నది వేరు.

“రీప్లే చూసాం. బాల్ బయటికి వెళ్ళలేదు. గోల్ చెల్లుతుంది.”

ఒళ్ళు భగ్గుమంది. వీడియోలో కనపడనిదాన్ని జరగలేదని మైకులో చెప్పేశాడు. నేను లేచి రెండడుగులు వేస్తే మైకు అందేది. లేవలేదు. తెర మీద శాలువా అలాగే ఉంది, దాన్ని కట్టేశాను.

నాన్న రిఫరీ దగ్గరికి నడిచి గడ్డి మీద చెయ్యి పెట్టి చూపించాడు. “సున్నానికి జానెడు అవతల బాబూ, ఇక్కడ. నా కాళ్ళ ముందు.” రిఫరీకి తెలుగు రాదు. వెనక్కి వెళ్ళమన్నాడు. నాన్న వెళ్ళలేదు. రిఫరీ ఎర్రకార్డు చూపించాడు. నాన్న బయటికి నడుస్తుంటే హార్బర్ వాళ్ళ వైపు నుంచి ఎవడో అరిచాడు: “చాచా, చష్మా లగావ్.” కళ్ళద్దాలు పెట్టుకోమని. స్టాండ్ అంతా నవ్వింది. మా పేట వాళ్ళు కూడా కొంతమంది నవ్వారు. అది నేను చెవులారా విన్నాను.

మ్యాచ్ పోయింది, లీగ్ పోయింది. మర్నాడు పేటకు వెళ్తే మా అమ్మ రామలక్ష్మి గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించింది.

“ఏటీ అడక్కు. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు.”

మా పేటలో ఒక కట్టుబాటుంది. గుట్ట మీద నిలబడ్డ మనిషిని “నిజంగా చూశావా?” అని ఎవరూ అడగరు. అడిగితే ఆ రోజు వల వట్టిదవుతుందని నమ్మకం. అందుకని ఆ ఇంట్లో ఎవరూ ఆ బంతి గురించి నాన్నను అడగలేదు. నేను పక్కన కూర్చుని వేరే సంగతులు మాట్లాడాను. శివాజీ ఒక్కడే, గిన్నెలో చెయ్యి కడుక్కుంటూ, “పెద్దాస్పత్రిలో కళ్ళు ఫ్రీగా సూత్తారు నాన్నా, ఓసారి ఎల్లొద్దారి,” అన్నాడు. వాడి జీతం పోయింది, వాడి బాధ వాడిది. కానీ చెంప పగలగొట్టాలనిపించింది. వాడి తప్పేముంది, వాడు మైకులో విన్నదే నమ్మాడు. కెమెరా తిప్పించింది నేనని చెప్పడానికి నోరు తెరిచి, నీళ్ళు నమిలి, మూసుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఒక రోజు పొద్దున్నే చేపల కోసం పేటకు వెళ్ళాను. ఒడ్డున అందరూ సిద్ధంగా ఉన్నారు. పడవ ఆసామి గవరయ్య మావ తాడు పట్టుకుని ఉన్నాడు. నాన్న గుట్ట మీద ఉన్నాడు. నాకు కూడా కనిపించింది, కుడివైపు నీళ్ళు నల్లబడి కదులుతున్నాయి. నాన్న అటే చూస్తున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. చాలాసేపు చూశాడు. కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ చూశాడు. చెయ్యి లేవలేదు.

కాసేపటికి ఆ నలుపు పక్క పేట వైపు వెళ్ళిపోయింది. వాళ్ళు వల దింపారు. వాళ్ళ కేకలు మా ఒడ్డుకి వినిపించాయి. గవరయ్య మావ తాడు చుట్ట చుట్టి పడవలో పడేశాడు. మర్నాటి నుంచి గుట్ట మీదికి గవరయ్య కొడుకు వెళ్ళాడు. నాన్న ఇంట్లో కూర్చున్నాడు.

నేను ఆ రోజు అక్కణ్ణుంచి తిన్నగా లీగ్ ఆఫీసుకి వెళ్ళాను. చేతిలో ఖాళీ చేపల సంచీ కూడా అలాగే ఉంది.

“మైకులో మీరు చెప్పింది అబద్ధం సర్. బాల్ బయటికి వెళ్ళలేదని వీడియోలో ఎక్కడా లేదు. మీరు కెమెరా తిప్పించారు కాబట్టి లేదు. అది అందరి ముందూ చెప్పండి.”

గణేశ్వరరావు గారు నవ్వాడు. “నేను తిప్పమన్నాను. తిప్పింది నువ్వు. రికార్డింగులో వాయిస్ ఎవరిదమ్మాయ్?”

నేను చేపల సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

“అయిపోయిందేదో అయిపోయింది. ఆ క్లిప్ డిలీట్ కర్ దే. వచ్చే నెల పదో తారీఖు ప్రైజుల ఫంక్షన్‌కి సీజన్ వీడియో నువ్వే చేస్తున్నావు గదా. మంచి పాట పెట్టి, గోల్స్ అన్నీ వరసగా వెయ్యి. వచ్చే ఏడు కూడా నీకే ఇస్తాం.”

ఆ తర్వాత పదిహేను రోజుల పాటు కొట్టు ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు మూడు కెమెరాల రికార్డింగూ ముందేసుకున్నాను. ఫ్రేము ఫ్రేము చూశాను. షామియానా గుడ్డలో చిరుగు దొరుకుతుందేమో, అవతలి కెమెరాలో కాళ్ళ సందున బంతి తెల్లగా కనపడుతుందేమో అని. కళ్ళు మండిపోయాయి. దొరకలేదు. దొరకనిదాన్ని ఎలా చూపిస్తాను? ఉన్నది చూపించాలని అప్పుడు తోచింది.

ఉమేష్‌తో చెప్పాను.

“కెమెరా నాది, నోరు నీది,” అన్నాడు. “ఇద్దరం కలిసే మునుగుదాం. క్లాక్ కనపడేలా పెట్టు.”

మే పదో తారీఖు సాయంత్రం నాలుగింటికి హాల్లో ఫంక్షన్. శివాజీకి మంచి డిఫెండర్ అని బహుమతి ఉంది కాబట్టి అమ్మ బలవంతం మీద నాన్న కూడా వచ్చాడు. ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ముందు వరసలో సాబ్, ఆయన పక్కన గణేశ్వరరావు గారు.

వీడియో మొదలైంది. పాట, గోల్సు, చప్పట్లు. ఆఖరి మ్యాచ్ వచ్చేసరికి పాట ఆపేశాను. తెర మీద ఆట గడియారం, ఎనభై నాలుగో నిమిషం. కోచ్‌ల వైపు గీత తెల్లగా, తిన్నగా. బంతి మధ్యలో ఉంది. ఉమేష్ పక్కనున్న వాకీటాకీలోంచి నా గొంతు హాలంతా వినిపించింది: “ఉమేష్, సాబ్ వైపు తిప్పు, శాలువా కప్పుతున్నారు.” కెమెరా తిరిగింది. శాలువా. దండ. సాబ్ నమస్కారం.

హాల్లో కొంతమంది చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి కనపడితే కొట్టడం అలవాటు కదా. ఆ చప్పట్ల మధ్య, తెరలోంచి, ఎక్కడో దూరంగా మా నాన్న గొంతు వినిపించింది. “ఔట్. ఔట్ బాబూ. ఔట్.” తెర మీద శాలువా అంచు సర్దుతున్నారు. కెమెరా వెనక్కి తిరిగేసరికి బంతి గోలులో ఉంది.

చప్పట్లు ఆగిపోయాయి. గణేశ్వరరావు గారు లేచి, “టెక్నికల్ ప్రాబ్లం, లైట్లు వెయ్యండి,” అన్నాడు. లైట్లు వేశారు. ఆయన నా దగ్గరికొచ్చి పళ్ళ బిగువున అన్నాడు, “నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు అమ్మాయ్.”

“తవ్వుకున్నాను సర్. మీరు కూడా కనపడుతున్నారు అందులో. శాలువా ఇటు కొస పట్టుకుంది మీరే.”

ఆ మాట అన్నాక నాకు ఎంత హాయి అనిపించిందో. తీరా ఆఖరి వరస వైపు చూస్తే నాన్న లేడు.

బస్సెక్కి పేటకు వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. నా కంటే ముందే గవరయ్య మావ వచ్చి అరుగు మీద నాన్న పక్కన కూర్చున్నాడు. సంగతి ఫోన్లలో అప్పటికే పేటంతా తిరిగింది.

“తప్పయిపోనాది బావా,” అంటున్నాడు. “మైకులో సెప్తే నిజమనుకున్నాం. రేపట్నుంచి గుట్ట మీదకి నువ్వే రావాల.”

“సూద్దారిలే,” అన్నాడు నాన్న.

గవరయ్య మావ వెళ్ళిపోయాడు. నేను నాన్న ముందు నేల మీద కూర్చున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికే వచ్చాను.

“తిప్పమన్నది నేనే నాన్నా. ఆ రోజే చెప్పాల్సింది. భయమేసింది.”

“ఇన్నాను.”

“కొట్టు నాన్నా, తిట్టు.”

“ఎందుకమ్మా. పనిలో ఉన్నావు, పెద్దోడు తిప్పమంటే తిప్పినావు.” తల తిప్పి నా వైపు చూశాడు. “పదిహేను రోజులు ఆ పెట్టి ముందర కూకున్నావట గదా. ఇందాక ఉమేషు ఫోన్లో సెప్పినాడు. బంతి ఎక్కడున్నాదో ఎతికినావట.”

“అవును.”

“నన్నడగొచ్చుగదే.”

“గుట్ట మీది మనిషిని అడక్కూడదు గదా నాన్నా. మన కట్టుబాటు.”

“అది సేపల మాట. ఇది బంతి.” గొంతు పెంచలేదు. “మీయమ్మ అడగలేదు. నీ తమ్ముడు కళ్ళాస్పత్రికి రమ్మన్నాడు. నువ్వొచ్చి బజారు కబుర్లు సెప్పినావు. ఇంటిల్లపాదీ నన్నో పిచ్చోణ్ణి సూసినట్టు సూసినారు. ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు, ‘నాన్నా, ఏటి సూసినావు’ అని అడిగితే సెప్పేవోణ్ణి.”

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పుడు అడిగాను.

“ఇప్పుడు అడుగుతున్నాను నాన్నా. బంతి గీత దాటిందా?”

నాన్న చాలాసేపు నేల వైపు చూశాడు. ఆ రోజు మైదానంలో గడ్డి మీద పెట్టినట్టే చెయ్యి నేల మీద పెట్టాడు. తర్వాత తీసేశాడు.

“ఆ రోజైతే తెలుసును,” అన్నాడు. “ఇప్పుడు నాకే తెల్దమ్మా.”